పదకొండు రోజుల దారి

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. బూట్లు దులిపితే సీనాయి ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. మర్చిపోకముందే రాసిపెట్టమని అక్క రోజూ ఫోన్ చేస్తోంది. అక్క 34 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. నేను పల్నాడులో హైస్కూల్ లెక్కల టీచరుని, నేనూ రిటైరయ్యాను.

మోషే వెంట ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం వదిలి, దేవుడు మాటిచ్చిన కనానుకు నడిచారని బైబిల్లో ఉంది. ఆ నడక గురించి చిన్నప్పుడు సండే స్కూల్లో ఒక ప్రశ్న అడిగాను. ఐగుప్తు నుంచి కనానుకు నలభై ఏళ్ళు పట్టేంత దూరమా అని. "దారి తప్పారు" అన్నారు టీచరమ్మగారు. పగలు మేఘస్తంభం, రాత్రి అగ్నిస్తంభం ముందు నడుస్తుంటే దారెలా తప్పుతారు? ఆ జవాబు నాకు అప్పుడే సరిపోలేదు. మా సంఘం వాళ్ళు 41 మంది పరిశుద్ధ దేశ యాత్రకు బయలుదేరుతున్నారని, ఐగుప్తులో మొదలుపెట్టి నిర్గమకాండం దారినే వెళ్తారని తెలియగానే అక్కకి ఫోన్ చేశాను. మనిషికి 1,72,000 రూపాయలు. చివర్లో యెరూషలేము కూడా చూశాం గానీ ఆ సంగతి వేరే రాస్తాను. ఇక్కడ రాసేది ఐగుప్తు నుంచి నెబో కొండ దాకానే.

ఫిబ్రవరి 9, కైరో

పిరమిడ్ల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం హోటల్ పక్క సందులో తిన్న టిఫినే గుర్తుండిపోయింది. తోపుడు బండి మీద పెద్ద రాగి బిందె, అందులో రాత్రంతా ఉడికిన లావుపాటి చిక్కుడు గింజలు. వాటిని గరిటెతో చిదిమి, నూనె, జీలకర్ర పొడి, నిమ్మరసం వేసి ఇచ్చారు. దాన్ని ఫూల్ అంటారు. పక్కన కోసిన కీరకాయలు, పచ్చి ఉల్లిపాయ, ఉల్లికాడల్లాంటి ఆకు, పొంగిన రొట్టె. రొట్టెని వాళ్ళు 'ఐష్' అంటారు. ఆ మాటకు బతుకు అని అర్థమట. మధ్యాహ్నం కొషారీ తిన్నాం. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు ఒకే గిన్నెలో కలిపి, పైన టమాటా రసం, వెల్లుల్లి నీళ్ళు, కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు వేసిస్తారు. మన డబ్బుల్లో 150 రూపాయల లోపే, కడుపు నిండిపోయింది.

అక్క ఉల్లిపాయ ముక్క చేత్తో పట్టుకుని ఆగిపోయింది. "ఏమే, సంఖ్యాకాండంలో ఇశ్రాయేలీయులు ఏడ్చింది దీనికోసమే కదా" అంది. నిజమే. చేపలు, కీరకాయలు, దోసకాయలు, కూరాకులు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు జ్ఞాపకం వస్తున్నాయని వాళ్ళు సణిగిన జాబితాలో సగం ఆ బండి మీదే ఉంది. ఎన్నిసార్లు చదివినా తిండిపోతులనే అనుకునేదాన్ని. వాళ్ళు అడిగింది విందు భోజనం కాదని, బానిస కూడా తినగలిగే రోజువారీ తిండి అని ఆ పూట తెలిసింది.

ఫిబ్రవరి 10, సూయజు దాటి

సూయజు కాలువ కింద సొరంగంలోంచి బస్సు బయటికొచ్చేసరికి ఖండం మారిపోయింది. అటు ఆఫ్రికా, ఇటు ఆసియా. మా వరసలో కూర్చున్న పిల్ల "అరణ్యం ఎప్పుడొస్తుంది ఆంటీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను కదిలించింది. మన తెలుగు బైబిల్లో 'అరణ్యము' అని ఉంది. అరణ్యం అంటే నాకు నల్లమల. చెట్లు, పొదలు, పులులు, సన్నటి కాలిబాటలు. అందుకే దారి తప్పారంటే తెలుగు పిల్లలు నమ్ముతారు, అడవిలో ఎవరైనా తప్పిపోతారు కదా. ఇక్కడ కిటికీలోంచి చూస్తే చెట్టు లేదు. ఎడమ వైపు రాళ్ళ కొండలు, కుడి వైపు నీలం సముద్రం, మధ్యలో ఎంత దూరమైనా కనపడే బీడు. ఒక మనిషి నడుస్తుంటే రెండు మైళ్ళ అవతల నుంచే కనిపిస్తాడు. ఇలాంటి చోట లక్షల మంది నలభై ఏళ్ళు దారి తప్పడం ఎలా కుదురుతుంది?

అయూన్ మూసా దగ్గర దిగాం, అంటే మోషే బావులు. ఖర్జూరపు చెట్ల మధ్య రాళ్ళతో కట్టిన బావులు, కొన్ని పూడిపోయాయి. ఇశ్రాయేలీయులకి చేదు నీళ్ళు దొరికిన మారా ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. బదూ (ఎడారి సంచార తెగ) ఆడవాళ్ళు నేల మీద గుడ్డ పరిచి పూసల దండలు అమ్ముతున్నారు. బేరం చేయకుండా ఒకటి తీసుకున్నాను, 3 డాలర్లు. ఆవిడ డబ్బులు నుదుటికి ఆనించుకుంది. మన రైతు బజారులో మొదటి బేరానికి చేసినట్టే.

దగ్గర దారి వేరే ఉందని గైడు మ్యాపు తీసి చూపించాడు. నైలు డెల్టా నుంచి సముద్రం ఒడ్డునే గాజాకు వెళ్ళే బాట. సామాన్లతో నడిచినా రెండు మూడు వారాలు. కానీ ఆ బాట నిండా ఫరోల, అంటే ఐగుప్తు రాజుల కోటలు. మొదటి సేతి అనే ఫరో ఆ కోటల వరసని కర్నాక్ గుడి గోడ మీద చెక్కించుకున్నాడు కూడా. ఫిలిష్తీయుల దేశపు మార్గం దగ్గరైనా, యుద్ధం చూసి ఈ ప్రజలు వెనక్కి తిరిగిపోతారని దేవుడు అటు తీసుకెళ్ళలేదని నిర్గమకాండం 13వ అధ్యాయంలోనే ఉంది. కాబట్టి చుట్టు దారి మొదటి రోజు నుంచే ఎంచుకున్న దారి. ఆ చుట్టు తిరుగుడుకి పట్టింది నెలలే, ఏళ్ళు కాదు. మూడో నెలలో వాళ్ళు సీనాయి కొండ కింద గుడారాలు వేశారు.

ఫెయిరాన్ లోయ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. రాళ్ళ మధ్య ఉన్నట్టుండి పచ్చటి ఖర్జూర తోట. సీనాయి కొండకి ముందు వాళ్ళు దిగిన రెఫీదీము ఇదేనంటారు. పోలీసులు ఆపి కాగితాలు చూడటం ఆ రోజుకి అది ఐదోసారి.

ఫిబ్రవరి 11, సీనాయి కొండ

రాత్రి ఒంటిగంటన్నరకి లేపారు. అంత చలి నేనెప్పుడూ చూడలేదు. రెండు స్వెట్టర్లు, మఫ్లర్, పైన అద్దెకి తీసుకున్న దుప్పటి, దానికి 5 డాలర్లు. కొండ ఎత్తు 2,285 మీటర్లు. ఈ కొండేనా కాదా అని పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి గానీ, 4వ శతాబ్దం నుంచి క్రైస్తవ సన్యాసులు ఇదేనని నమ్మి ఇక్కడే ఉంటున్నారు. అక్క మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. ఒంటె మాట్లాడుకున్నాం, 25 డాలర్లు. ఒంటె నడిపే కుర్రాడికి పదిహేడేళ్ళుంటాయి. జెబలియా అనే తెగవాడు. చీకట్లో లైటు వెయ్యనివ్వలేదు, ఒంటెకి కళ్ళు చెదురుతాయట. పైన నక్షత్రాలు, కింద ఒంటె గిట్టల చప్పుడు. ఎవరూ మాట్లాడలేదు.

ఒంటె బాట అయిపోయాక 750 రాతి మెట్లు ఎక్కాలి. అక్క ఆ మెట్ల కిందే టీ కొట్లో కూర్చుంది. నేను పైకి చేరాక తెల్లారింది. ఎర్రటి కొండలు ఒకదాని వెనక ఒకటి, పచ్చదనం చుక్క లేదు. మా వాళ్ళు పాట అందుకున్నారు. నేను పాడలేకపోయాను, గొంతు పట్టేసింది.

దిగేటప్పుడు మెట్ల కింద కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగాను. కాసేపటికి మా వాళ్ళ మాటలు వినపడటం మానేశాయి. కొండల మధ్య గిన్నెలాంటి చదును, అందులో ఒక పాత సైప్రస్ చెట్టు, చిన్న ప్రార్థనా గది. ఏలీయా ప్రవక్త ఇక్కడ ఉన్నాడని నమ్మే చోటు అది. భయమేసిన మాట నిజం. పది నిమిషాలు కూడా కాలేదు, కిందనుంచి ఒక బదూ ముసలాయన వచ్చి నా భుజం సంచి తీసుకుని, మాట లేకుండా వెనక్కి నడిపించుకొచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఈ కొండల్లో కొత్తగా వచ్చినవాళ్ళు తప్పిపోతారు గానీ, ఇక్కడ బతికేవాళ్ళకి ప్రతి రాయీ తెలుసు. మోషే ఇదే ప్రాంతంలో నలభై ఏళ్ళు మామగారి గొర్రెలు కాశాడు. దారి తెలియని మనిషి కాదు.

కింద సెయింట్ కేథరిన్ మఠం, 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించింది. మండుతున్న పొద అని చూపించే పొద గోడ మీద నుంచి వేలాడుతోంది. మఠం బయట ఒక తుమ్మ చెట్టు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. మందసము (దేవుని ఆజ్ఞల పలకలు ఉంచే పెట్టె) తుమ్మకర్రతో చేయమని దేవుడు చెప్పాడని చదివినప్పుడల్లా, దేవదారు ఉండగా తుమ్మ ఎందుకనుకునేదాన్ని. ఇక్కడ ఎక్కువగా దొరికే గట్టి కర్ర అదే. మా పొలం గట్టు మీద ఉన్న తుమ్మకి దీనికి ముళ్ళు ఒకేలా ఉన్నాయి, ఆకు మాత్రం ఇంకా చిన్నది.

గదికొచ్చాక అక్క చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసుకుంది. గుంట పడింది. "నలభై ఏళ్ళు వాళ్ళ కాళ్ళు వాయలేదని రాసుంది కదే" అంది మెల్లగా.

ఫిబ్రవరి 12, తాబా రోడ్డు మీద

మేం చూడాలనుకున్న చోటు కాదేషు బర్నేయ. చూడలేకపోయాం. ఈశాన్య సీనాయిలో, ఇశ్రాయేలు సరిహద్దుకు దగ్గర్లో అయిన్ ఎల్ ఖుదీరత్ అనే ఊట ఉంది. అదే కాదేషు అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అటు యాత్రికుల బస్సులు వెళ్ళవు. ఇశ్రాయేలీయుల కథ మలుపు తిరిగింది అక్కడే.

తాబా రోడ్డు మీద ఒక చెక్‌పోస్టు దగ్గర రెండున్నర గంటలు ఆపేశారు. కారణం చెప్పలేదు. మా వాళ్ళలో కొందరు అన్నం లేదు, ఆవకాయ అయిపోయింది అని విసుక్కోవడం మొదలుపెట్టారు. పక్కనే ఒక బదూ ఆయన రేకుల పాక. లోపలికి రమ్మని చేత్తో సైగ చేశాడు. నిప్పుల మీద మసిబారిన కెటిల్, టీలో హబక్ అనే అడవి ఆకు వేశాడు, పుదీనాకు దగ్గరగా ఉంది వాసన. తర్వాత పిండి కలిపి, నిప్పులు పక్కకి జరిపి, ముద్దని పల్చగా చేసి వేడి బూడిదలోనే పరిచాడు. మళ్ళీ పైన బూడిద కప్పాడు. పావుగంట తర్వాత తీసి, కర్రతో టపటపా కొట్టి దులిపి, ముందు అక్క చేతిలో పెట్టాడు, పెద్దదని. ఉప్పూ పొగా తప్ప వేరే రుచి లేదు. అంత కమ్మటి రొట్టె ఈ యాత్రలో మళ్ళీ తినలేదు. బైటికొచ్చేటప్పుడు పిల్లలకని బిస్కెట్ ప్యాకెట్లిస్తేనే తీసుకున్నాడు.

అక్కడే నేను నోట్‌బుక్ తీశాను. హోరేబు (సీనాయి కొండకే ఇంకో పేరు) నుంచి శేయీరు మన్నెపు మార్గంగా కాదేషు బర్నేయకు పదకొండు దినముల ప్రయాణము అని ద్వితీయోపదేశకాండం మొదట్లోనే ఉంది. మ్యాపు మీద సెయింట్ కేథరిన్ నుంచి ఆ ఊటకు తిన్నగా గీత గీస్తే సుమారు 235 కిలోమీటర్లు. పదకొండుతో భాగిస్తే రోజుకి 21. గొర్రెలతో, పిల్లలతో నడిచేవాళ్ళకు సరిగ్గా సరిపోయే నడక. రెండో ఏడు రెండో నెల 20వ తేదీన సీనాయి నుంచి కదిలారు. ద్రాక్షల ప్రథమ పక్వకాలానికి కాదేషులో ఉన్నారు. అంటే ఐగుప్తు వదిలిన రెండో ఏడే కనాను గుమ్మంలోకి వచ్చేశారు!

అక్కడి నుంచి పన్నెండు మంది వేగులవాళ్ళు వెళ్ళారు. నలభై రోజులు తిరిగి, ఎష్కోలు లోయ నుంచి ద్రాక్ష గెలని ఇద్దరు దండె మీద మోసుకొచ్చారు. భూమి మంచిదేనని పన్నెండు మందీ ఒప్పుకున్నారు. పదిమంది మాత్రం అక్కడి మనుషుల ముందు మేం మిడతల్లా ఉన్నాం అన్నారు. రాత్రంతా జనం ఏడ్చారు. ఇంకో నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకి తిరిగిపోదామన్నారు. అప్పుడు వచ్చింది తీర్పు: రోజుకొక ఏడు, నలభై రోజులకి నలభై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళలో వేగులవాళ్ళలో మిగతా ఇద్దరు కాలేబు, యెహోషువ తప్ప ఎవరూ దేశంలోకి రారు. మర్నాడు పొద్దున్నే మనసు మార్చుకుని కొండెక్కి యుద్ధానికి పోయారు, హోర్మా దాకా తరిమి కొట్టించుకున్నారు. మందసం వాళ్ళతో కదల్లేదు.

వాళ్ళు తిరిగింది దారి తెలియక కాదు. ఒక తరం అయిపోయేదాకా ఆగారు. చాలా దినాలు కాదేషులోనే ఉన్నారని వాక్యమే చెబుతోంది. 'తిరుగులాడటం' అన్న మాట వెనక ఉన్నది ఎక్కువగా ఎదురుచూపే.

నేను ఇంకో లెక్క వేశాను. మొదటి జనసంఖ్యలో ఇరవై దాటిన మగవాళ్ళు 6,03,550. చివర్లో మోయాబు మైదానాల్లో లెక్కపెడితే 6,01,730. మొత్తం సంఖ్య దాదాపు అంతే, మనుషులు మాత్రం వేరు. మధ్యలో 38 ఏళ్ళు, అంటే 13,870 రోజులు. భాగిస్తే రోజుకి 43 పైనే చావులు. ఆడవాళ్ళు ఈ లెక్కలో లేరు. (వెయ్యి అనే హెబ్రీ మాటకు వంశం, దళం అని కూడా అర్థముందని, సంఖ్యలు అంత పెద్దవి కాకపోవచ్చని కొందరంటారు. సంఖ్య తగ్గినా ఒక తరం మొత్తం పోయిందన్నది తగ్గదు.)

అక్కకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. వార్డులో ఎంతమందినో చివరిసారి తుడిచి, దవడ కట్టి, కాళ్ళు చేర్చిన మనిషి.

"రోజుకి నలభై మూడు. వాళ్ళని ఎవరు కడిగారే?" అంది. "పిల్లలేగా. అమ్మానాన్నల్ని పాతిపెట్టుకుంటూ పెరిగారు."

పాస్టరుగారు అది విని వెనక సీటు నుంచి సంఖ్యాకాండం 19వ అధ్యాయం తీసి ఇచ్చారు. ఎర్రని పెయ్య బూడిద కలిపిన నీళ్ళు. శవాన్ని ముట్టినవాడు ఏడు రోజులు అపవిత్రుడు, మూడో రోజు, ఏడో రోజు ఆ నీళ్ళు చల్లాలి. ఆ 38 ఏళ్ళ గురించి బైబిలు దాదాపు ఏమీ చెప్పదు. ఆ మౌనం మధ్యలో ఉన్న కొద్ది సంగతుల్లో ఈ చట్టం ఒకటి. ఇన్నేళ్ళూ దాటేసి చదివిన అధ్యాయం. ప్రతి గుడారంలో ఎవరో ఒకరు ఆ ఏడు రోజుల్లో ఉండి ఉంటారు. అక్క ఆ పేజీ మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చుంది. బస్సు కదిలింది.

ఫిబ్రవరి 14, వాదీ మూసా

జోర్డాన్‌లో, రాతిలో చెక్కిన పాత నగరం పెత్రా పక్కనున్న ఊరి పేరు వాదీ మూసా, అంటే మోషే లోయ. ఊరి మొదట్లో మూడు తెల్ల గుమ్మటాల చిన్న కట్టడం, లోపల రాతి సందు నుంచి ఊట. మోషే కొట్టిన బండ ఇదని ఇక్కడి ముస్లింల నమ్మకం. ఒకాయన ప్లాస్టిక్ డబ్బాలు నింపుకుంటూ మాకు చోటిచ్చి పక్కకి జరిగాడు. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి.

పెత్రా టికెట్ 50 దీనార్లు. నాకు ఆ గులాబీ రాతి గోడల కంటే దూరంగా కొండ కొమ్మున కనిపించే తెల్ల చుక్క ముఖ్యం. జెబెల్ హారూన్, మోషే అన్న అహరోను సమాధి. గుర్రపు బండి అతను కొరడాతో చూపించాడు. ఆఖరి ఏట కాదేషులో మోషే అక్క మిర్యాము పోయింది, ఒక్క వాక్యంలో. తర్వాత ఐదో నెలలో అహరోను. మోషే అన్న ఒంటి మీది యాజక వస్త్రాలు తన చేత్తోనే విప్పి, అన్న కొడుకు ఎలియాజరుకి తొడిగాడు. కొండ ఎక్కినవాళ్ళు ముగ్గురు, దిగినవాళ్ళు ఇద్దరు.

రాత్రి మన్సఫ్ పెట్టారు. ఎండబెట్టిన గట్టి పెరుగు ముద్దల్ని కరిగించి అందులో ఉడికించిన మాంసం, కింద అన్నం, పైన వేయించిన బాదం. ఒకే పళ్ళెంలో అందరూ కుడి చేత్తో తినాలి. మా వాళ్ళు ఆరు రోజుల తర్వాత చేత్తో అన్నం కలుపుకున్నారు. హోటల్ పెద్దాయన మంచి ముక్కలు ఏరి అక్క వైపు జరుపుతూనే ఉన్నాడు. కాఫీ కప్పు ఖాళీ చేసి ఊరికే ఇస్తే మళ్ళీ నింపుతారు. చాలనాలంటే కప్పుని అటూ ఇటూ ఊపాలి. నాలుగో కప్పుకి తెలిసింది.

ఫిబ్రవరి 15, రాజమార్గం, నెబో

డ్రైవరు ఎడారి హైవే వద్దని పాత కింగ్స్ హైవే పట్టాడు. మోషే ఎదోము రాజుని అడిగిన రాజమార్గం ఇదేనంటారు. పొలాల్లో నడవం, బావి నీళ్ళు తాగం, దారినే పోతాం అని బతిమాలితే ఆ రాజు ఒప్పుకోలేదు. మళ్ళీ చుట్టు తిరిగారు.

మధ్యాహ్నం రోడ్డు ఒక్కసారిగా పెద్ద లోయలోకి దిగింది. వాదీ హసా. జెరెదు వాగు ఇదేనని ఎక్కువమంది అంటారు. ఇక్కడే 38 ఏళ్ళ లెక్క ముగిసిందని ద్వితీయోపదేశకాండం 2వ అధ్యాయంలో ఉంది. అడుగున సన్నటి నీటి పాయ, దాని పక్కన గన్నేరు పొదలు. బస్సు ఆపమన్నాం. దాటడానికి ఐదు నిమిషాలు కూడా పట్టని వాగు.

నెబో చేరేసరికి ఎండ తగ్గింది. ఎదురుగా మృత సముద్రం పలకలా మెరుస్తోంది, అవతల మంచులో యెరికో ఉండీ లేనట్టుగా. ఇత్తడి సర్పం చుట్టుకున్న సిలువ పక్కన అందరూ ఫోటోలు దిగుతున్నారు. మోషేకి 120 ఏళ్ళు, కళ్ళు మసకబారలేదు, కనానుని ఇక్కణ్ణుంచే చూశాడు, వెళ్ళలేదు. లోయలో అతన్ని పాతిపెట్టిన సంగతి చెబుతూ, హెబ్రీలో 'ఆయన అతన్ని పాతిపెట్టెను' అని ఉంటుందని, ఆ ఆయన దేవుడేనని పాస్టరుగారు అన్నారు.

అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"అందర్నీ పాతిపెట్టి పాతిపెట్టి చివరికి ఆయన మిగిలాడు" అంది. "దేవుడే వచ్చి ఆ పని చేశాడన్నమాట."

బస్సు హారన్ కొట్టింది. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వంగి చీలమండ నొక్కి చూసుకుంది. వాపు తగ్గింది. ఇంకాసేపు ఉందామంది. ఉన్నాం.